డియోర్ అసలు ఎవరిది? ఒక పాత టై పట్టీ నుంచి నేటి షేర్ల లెక్క దాకా

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు క్లుప్తంగా చెబుతాను. మీ పెదనాన్నగారు డెబ్బైల్లో అమెరికా నుంచి తెచ్చుకున్న పట్టు టై ఒకటి బీరువాలో దొరికింది. దాని వెనుక పట్టీ మీద 'క్రిస్టియన్ డియోర్' అన్న పేరు, దాని కింద మీరెన్నడూ వినని ఒక అమెరికన్ దుకాణం పేరు ఉన్నాయి. అది నకిలీయేమోనని ఆరా తీయబోతే, ఆ సంస్థ డియోర్ కుటుంబం చేతిలో లేనే లేదని ఒకచోట, అది లూయి విట్టాన్ గ్రూపుదని ఇంకొకచోట, కాదు, డియోరే ఆ గ్రూపుకు యజమాని అని మరొకచోట చదివి అయోమయంలో పడ్డారు. వీటిలో ఏది నిజం, టై అసలుదేనా అన్నవి మీ సందేహాలు.

మీరు చదివిన మూడు మాటలూ నిజమే. డియోర్ అన్న పేరు రెండు వేర్వేరు కంపెనీలకు ఉండడం వల్ల అవి ఒకదానికొకటి పొసగనట్లు కనిపిస్తున్నాయి. దుస్తులు, చేతిసంచులు, నగలు తయారుచేసి అమ్మే క్రిస్టియన్ డియోర్ కూచర్ 2017 నుంచి ఎల్‌వీఎంహెచ్ గ్రూపులో భాగం; మీరు చదివిన లూయి విట్టాన్ గ్రూపు ఇదే. ఆ ఎల్‌వీఎంహెచ్‌లో దాదాపు 42 శాతం వాటా ఉన్న పెట్టుబడి కంపెనీ పేరు కూడా క్రిస్టియన్ డియోరే. ఆ పెట్టుబడి కంపెనీ షేర్లలో 95 శాతానికి పైగా ఎల్‌వీఎంహెచ్ అధిపతి బెర్నార్ ఆర్నో కుటుంబం చేతిలో ఉన్నాయి. ఇక డియోర్ కుటుంబం సంగతి అంటారా, సంస్థ వాళ్ల చేతిలోంచి జారిపోలేదు. మొదటి రోజు నుంచీ అది వాళ్లది కాదు. ఒక నూలు మిల్లుల యజమాని సొమ్ముతో పుట్టింది, ఆ మిల్లులు దివాలా తీసినప్పుడు వాటితో పాటే చేతులు మారింది. మీ టై నకిలీ అయ్యే అవకాశం తక్కువ. ఎందుకో చివరలో వివరిస్తాను.

నేను తొమ్మిదేళ్లు గుంటూరు జిల్లాలో నూలు మిల్లుల పద్దులు చూసి, ఆ తరువాత పదమూడేళ్లుగా ముంబైలో దుస్తుల బ్రాండ్ల లైసెన్సు ఒప్పందాలు, రాయల్టీ లెక్కలు తనిఖీ చేసే పనిలో ఉన్నాను. ఏ గౌను అందంగా ఉందో చెప్పే అర్హత నాకు లేదు. పేరు ఒకరిది, గుడ్డ ఇంకొకరిది, లాభం వేరొకరిది అయ్యే వ్యాపారం మాత్రం నాకు రోజూ కనిపించేదే కాబట్టి, ఆ వైపు నుంచే చెబుతాను.

క్రిస్టియన్ డియోర్ 1905 జనవరి 21న నార్మండీ తీరంలోని గ్రాన్‌విల్ పట్టణంలో పుట్టారు. తండ్రిది ఎరువుల వ్యాపారం, కలిగిన కుటుంబం. 1928లో ఒక స్నేహితుడితో కలిసి పారిస్‌లో చిత్రకళా గ్యాలరీ పెట్టారు గానీ, మాంద్యం వచ్చి తండ్రి వ్యాపారం కుప్పకూలడంతో అదీ నిలవలేదు. కొన్నాళ్లు టోపీల బొమ్మలు, గౌన్ల బొమ్మలు గీసి అమ్ముకున్నారు. 1938లో పారిస్ డిజైనర్ రోబేర్ పిగే దగ్గర, యుద్ధకాలంలో మరో డిజైనర్ లూసియన్ లెలోంగ్ దగ్గర జీతానికి పనిచేశారు. అంటే 1946 నాటికి ఆయన వయసు నలభై ఒకటి, చేతిలో పనితనం ఉంది, పెట్టుబడి మాత్రం లేదు.

ఆ పెట్టుబడి పెట్టిన మనిషి మార్సెల్ బూసాక్. ఫ్రాన్స్‌లో ఆయనను పత్తి రాజు అనేవారు. మిల్లులు, పందెపు గుర్రాలు, ఒక దినపత్రిక కూడా ఆయనకు ఉండేవి. ఫిలిప్ ఏ గాస్టోన్ అనే పాతబడిన కూచర్ సంస్థ, అంటే కొలతకు ఖరీదైన దుస్తులు కుట్టించే సంస్థ, ఒకటి ఆయన చేతిలో ఉంది, దాన్ని నిలబెట్టగల డిజైనర్ కోసం వెతుకుతున్నారు. డియోర్ ఆ సంస్థను చూసి వచ్చి, పాతదానికి అతుకులు వేయడం తన వల్ల కాదని, తన పేరుతో కొత్తది పెడితే వస్తానని చెప్పారు. బూసాక్ ఒప్పుకున్నారు. 1946 డిసెంబరు 16న అవెన్యూ మోంటేన్ వీధిలోని 30వ నంబరు భవనంలో క్రిస్టియన్ డియోర్ సంస్థ మొదలైంది. డియోర్‌కు మంచి జీతం, లాభాల్లో వాటా, ఏం కుట్టించాలన్న విషయంలో పూర్తి స్వేచ్ఛ దక్కాయి. మెలిక అంతా ఇక్కడే ఉంది: పేరు డియోర్‌ది, ఆ పేరు మీద హక్కు కంపెనీది, కంపెనీ బూసాక్‌ది. నా దగ్గరికి వచ్చే యువ డిజైనర్లు ఈ మూడింటినీ ఒకటే అనుకుంటారు. సొంత పేరును కంపెనీ ట్రేడ్‌మార్కుగా రాసి ఇస్తున్నప్పుడు ఒప్పందంలోని ఆ పేరాను రెండుసార్లు చదివిన వాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ.

1947 ఫిబ్రవరి 12న తొలి ప్రదర్శన జరిగింది. అమెరికన్ పత్రిక హార్పర్స్ బజార్ సంపాదకురాలు కార్మెల్ స్నో దానిని 'న్యూ లుక్' అనడంతో ఆ పేరే స్థిరపడింది. ఆ ప్రదర్శనలోని 'బార్' అనే జత కోటును నేను అవెన్యూ మోంటేన్‌లోనే 2022లో తెరిచిన డియోర్ గ్యాలరీలో అద్దం ఇవతల నిలబడి చాలాసేపు చూశాను. దంతపు రంగు షాంటుంగ్ పట్టుతో కుట్టిన కోటు; భుజాలు గుండ్రంగా జారి ఉంటాయి, నడుము దగ్గర ఒక్కసారిగా బిగుసుకుని, తుంటి దగ్గర లోపల పెట్టిన మెత్తల మీదుగా అంచు పైకి లేచి నిలబడుతుంది. కింద నల్లటి ఉన్ని లంగాకు కుచ్చులే కుచ్చులు. యుద్ధమంతా రేషను కార్డు మీద గుడ్డ కొలిచి కొనుక్కున్న జనం ముందు అంత గుడ్డను ఒక్క లంగాకు వాడడం వీధుల్లో గొడవలకు కూడా దారితీసింది.

దీని మీద తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: గజాలకు గజాలు గుడ్డ ఖర్చయ్యే ఫ్యాషన్ తెస్తే తన మిల్లు గుడ్డ అమ్ముడుపోతుందనే బూసాక్ పెట్టుబడి పెట్టారని. వినడానికి బాగుంది గానీ, నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు. బూసాక్ మిల్లుల్లో నేసేది ప్రధానంగా నూలు బట్ట. డియోర్ వాడింది ఎక్కువగా పట్టు, ఉన్ని. డొంకతిరుగుడుగా లాభం ఉండి ఉండవచ్చు, ఎందుకంటే పారిస్‌లో లంగా వెడల్పయితే ఏడాది తిరిగేసరికి ఊళ్లలో కుట్టే నూలు లంగా కూడా వెడల్పవుతుంది. అయినా మిల్లు యజమాని లెక్కల్లో అది చిల్లరే. పేరు, ప్రతిష్ఠ, పారిస్ మళ్లీ ఫ్యాషన్‌కు రాజధాని కావడం అనేవి ఆయనకు గుర్రపు పందేల్లో కప్పు గెలవడం లాంటివని నా అంచనా.

ఇక్కడ ఒక చిన్న విషయం గుర్తుపెట్టుకోవాలి, తరువాతి కథంతా దాని మీదే నడుస్తుంది. 1947లోనే అత్తరుల కోసం పార్ఫ్యూమ్ క్రిస్టియన్ డియోర్ అనే వేరే కంపెనీ పెట్టారు. దాన్ని నడిపింది గ్రాన్‌విల్‌లో డియోర్‌కు చిన్ననాటి స్నేహితుడు, అంతకుముందు కోటీ అత్తరు కంపెనీలో పనిచేసిన సెర్జ్ హెఫ్ట్లర్-లూయిష్. తొలి అత్తరు 'మిస్ డియోర్' పేరుకు కారణం డియోర్ చెల్లెలు కాథరీన్; జర్మన్ ఆక్రమణకు ఎదురొడ్డిన దళంలో పనిచేసి, రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరానికి పంపబడి ప్రాణాలతో తిరిగివచ్చిన మనిషి ఆమె.

మీ టైకి సంబంధించిన భాగం ఇప్పుడు వస్తుంది. అమెరికాలో మేజోళ్లు తయారుచేసే కంపెనీ ఒకటి డియోర్ పేరు వాడుకుంటామని, అందుకు ఏకమొత్తంగా ఇంత ఇస్తామని అడిగింది. డియోర్, ఆయన వ్యాపార వ్యవహారాలు చూసే జాక్ రూయే ఆ మొత్తం వద్దని, అమ్మకాల మీద శాతం కావాలని పట్టుబట్టారు. 1949లో మేజోళ్లు, 1950లో టైలు, ఆ తరువాత ఒక్కొక్కటిగా ఇతర వస్తువులు ఈ పద్ధతిలో వచ్చాయి. కూచర్ సంస్థ పేరు కారుచౌక అవుతుందని పారిస్‌లోని తోటి సంస్థలు అభ్యంతరం చెప్పాయి. నేడు ప్రపంచంలో ఏ బ్రాండు లైసెన్సు ఒప్పందం తీసినా కనిపించే శాతం పద్ధతికి ఫ్యాషన్‌లో దారి వేసింది ఇదే.

ఏకమొత్తానికీ శాతానికీ తేడా కాగితం మీద కన్నా గోదాములో బాగా తెలుస్తుంది. కొన్నేళ్ల కింద ఒక చొక్కాల లైసెన్సుదారు లెక్కలు తనిఖీ చేయడానికి వెళ్లాను. పుస్తకాల్లో అమ్మకాలు పద్ధతిగా ఉన్నాయి, రాయల్టీ గడువుకు చెల్లించారు. గోదాము మూలన మాత్రం కాలరు పట్టీ ఊడదీసిన చొక్కాల మూటలు కనిపించాయి. అడిగితే డ్యామేజీ సరుకు అన్నారు. దానికి బిల్లు పుస్తకం వేరు, కొనేవాళ్లు వేరు, అందులో రాయల్టీ ఊసే లేదు. ఒప్పందంలో 'నికర అమ్మకం' అన్న మాటకు నిర్వచనం రెండు వరుసల్లో సరిపెట్టిన ఫలితం అది. శాతం అడిగిన వాడు సరుకు ఎక్కడెక్కడికి పోతుందో చివరిదాకా చూసుకోవాలి. డియోర్ సంస్థకు కూడా ఆ తరువాతి దశాబ్దాల్లో ఇదే తలనొప్పి అయింది.

1957 అక్టోబరు 24న ఇటలీలోని మోంటెకాటినీలో డియోర్ గుండెపోటుతో చనిపోయారు. యాభై రెండేళ్లు. సంస్థ వయసు పదేళ్లు. మనిషి లేనప్పుడు సంస్థను మూసేద్దామన్న ఆలోచన బూసాక్‌కు వచ్చింది, అప్పట్లో అది వింతేమీ కాదు. కూచర్ సంస్థలు చాలావరకు పెట్టిన వాళ్లతోనే ముగిసేవి. అడ్డుపడింది లైసెన్సుదారులు. ఏటేటా ఆ పేరు మీద సరుకు తీసి అమ్ముకుంటున్న వాళ్లకు పారిస్‌లో ప్రదర్శన ఆగిపోతే పేరు చల్లబడిపోతుందన్న భయం. రూయే కూడా గట్టిగా నిలబడ్డారు. ఇరవై ఒక్కేళ్ల ఈవ్ సాన్ లోరాన్‌ను కుర్చీలో కూర్చోబెట్టారు, 1958 జనవరిలో ఆయన తొలి ప్రదర్శన విజయవంతమైంది. డియోర్ లేని డియోర్ సాధ్యమని రుజువైంది అప్పుడే. నా దృష్టిలో ఆ సంస్థ చరిత్రలో 1947 కన్నా ఇదే పెద్ద మలుపు, ఎందుకంటే పుట్టించిన మనిషి అవసరం లేకుండా నడిచే పేరునే ఎవరైనా కొనగలరు, అమ్మగలరు. 1960లో సాన్ లోరాన్‌ను సైన్యానికి పిలిచారు, ఆయన స్థానంలో మార్క్ బోఆన్ వచ్చి 1989 దాకా ఉన్నారు.

యాజమాన్యం ముక్కలవడం 1968లో మొదలైంది. ఫ్రెంచి బట్టల మిల్లులకు అప్పటికే రోజులు మారాయి. వలస దేశాలు స్వతంత్రమవడంతో పోటీ లేని మార్కెట్లు పోయాయి, యూరప్ ఉమ్మడి మార్కెట్ వల్ల పక్క దేశాల గుడ్డ వచ్చింది, కృత్రిమ దారాలు నూలును వెనక్కి నెట్టాయి. బూసాక్ మిల్లులను కుదించకుండా సొంత సొమ్ము పోసి నడుపుతూ వచ్చారు. ఆ సొమ్ము కోసమే చేతిలో ఉన్నవాటిలో బాగా పలికేదాన్ని అమ్మారు: అత్తరుల కంపెనీని. కొన్నది షాంపేన్ తయారుచేసే మోయె ఏ షాండోన్. 1971లో అది హెన్నెస్సీతో కలిసి మోయె హెన్నెస్సీ అయ్యేనాటికి డియోర్ అత్తరులు ఆ గూటికి చేరాయి. అప్పటికి 1966లో ఎడ్మోన్ రుద్నిట్స్కా రూపొందించిన 'ఓ సోవాజ్' దుకాణాల్లో ఊపు మీద ఉంది. గౌన్లు గౌరవం తెస్తాయి, అత్తరులు డబ్బు తెస్తాయి. బూసాక్ డబ్బు తెచ్చేదాన్ని అమ్మి, నష్టం తెచ్చే మిల్లులను దగ్గర ఉంచుకున్నారు.

1978లో బూసాక్ గ్రూపు కూలింది. ఉత్తర ఫ్రాన్స్‌కు చెందిన విల్లో సోదరులు నలుగురు, తమ ఆగాష్-విల్లో గ్రూపు తరఫున దాన్ని కొన్నారు. వాళ్ల దగ్గర అప్పటికే పసిపిల్లల డైపర్ల కంపెనీ పోదూస్, కాన్ఫోరామా ఫర్నిచర్ దుకాణాలు, పారిస్‌లోని ల బోన్ మార్షే అనే పెద్ద దుకాణం ఉన్నాయి. మరుసటి ఏడాది అమెరికాలో ఒక చౌక దుకాణాల గొలుసును కూడా కొని అందులో చేతులు కాల్చుకున్నారు. 1981కి వాళ్లూ దివాలా. మిల్లులు, వేల మంది కార్మికులు, అప్పులు, వాటి మధ్యలో ఎక్కడో క్రిస్టియన్ డియోర్: అంతా కోర్టు పర్యవేక్షణలోకి వెళ్లింది, ప్రభుత్వం సొమ్ము పోస్తూ కొనేవాళ్ల కోసం చూస్తూ కూర్చుంది.

ఇలాంటి మూటలో విలువ ఎక్కడ దాగి ఉంటుందో నాకు ఒక వేలంలో అర్థమైంది. గుంటూరు జిల్లాలో నేను పద్దులు చూసిన మిల్లు ఒకటి మూతపడి, బ్యాంకు వేలానికి వచ్చింది. జాబితాలో కదుళ్లు ఎన్ని, బాయిలరు, జనరేటరు, ఎన్ని ఎకరాల స్థలం అని పేజీలకు పేజీలు ఉన్నాయి. చివరి పేజీ చివరి వరుసలో ఆ మిల్లు తువ్వాళ్ల బ్రాండు పేరు, దాని ఎదురుగా విలువ ఒక్క రూపాయి. ఆ అంకె వేసింది నేనే. పద్దుల లెక్క ప్రకారం తప్పు కూడా కాదు. వచ్చినవాళ్లంతా ఇనుము బరువు గురించి రెండు గంటలు కొట్లాడుకున్నారు. ఒక తువ్వాళ్ల వ్యాపారి మాత్రం చివరిదాకా నోరు విప్పకుండా కూర్చుని, ఆ పేరును ఒక లారీ తుక్కు ధర కన్నా తక్కువకు పట్టుకుపోయాడు. ఆ కదుళ్లు ఇప్పుడు ఎక్కడా లేవు. వేరే ఊళ్లో నేసిన తువ్వాళ్లు ఆ పేరుతో ఈనాటికీ అమ్ముడవుతున్నాయి.

1984లో ఆ వ్యాపారి చూపుతో వచ్చిన మనిషి బెర్నార్ ఆర్నో. 1949లో మిల్లుల పట్టణం రూబేలో పుట్టి, ఎకోల్ పాలిటెక్నిక్‌లో చదివి, తండ్రి నిర్మాణ వ్యాపారంలో చేరిన ఇంజనీరు. 1981లో సోషలిస్టులు అధికారంలోకి రాగానే అమెరికా వెళ్లి మూడేళ్లు ఇళ్ల వ్యాపారం చేశారు. న్యూయార్క్ టాక్సీ డ్రైవరు ఒకతను ఫ్రాన్స్ అధ్యక్షుడి పేరు తెలియదు గానీ క్రిస్టియన్ డియోర్ పేరు తెలుసు అన్నాడని ఆయనే చెప్పుకుంటారు. లాజార్ బ్యాంకులోని ఆంట్వాన్ బెర్న్‌హైమ్ అండతో, కుటుంబ సొమ్ము కోటిన్నర డాలర్ల దాకా పెట్టి, మిగతాది బ్యాంకు ద్వారా సమకూర్చుకుని, 1984 చివరలో ఆ దివాలా గ్రూపును చేజిక్కించుకున్నారు.

కొనేటప్పుడు ఉద్యోగాలు కాపాడతామన్న మాట ఉంది. ఆ తరువాత కొన్నేళ్లలో జరిగింది మాత్రం వేరు: మిల్లులు అమ్మేశారు లేదా మూసేశారు, డైపర్ల కంపెనీ అమ్మేశారు, వేల మంది ఇళ్లకు వెళ్లారు. దగ్గర ఉంచుకున్నవి ముఖ్యంగా రెండే, డియోర్, ల బోన్ మార్షే. కాన్ఫోరామాను 1991లో కొన్న ఫ్రాన్స్వా పినో తరువాత గుచ్చిని కొని ఆర్నోకు ప్రధాన ప్రత్యర్థి అయ్యారన్నది ఇక్కడ గుర్తొచ్చే చిన్న తమాషా. మిల్లు కార్మికుల ఊళ్లలో తిరిగినవాడిగా నేను ఆ పద్ధతిని మెచ్చుకోలేను. పద్దులు రాసేవాడిగా మాత్రం, ఆ గ్రూపులో డబ్బు పుట్టే చోటును ఆయన ఒక్కరే సరిగ్గా గుర్తించారని ఒప్పుకోక తప్పదు.

అయితే కొన్న తరువాత తెలిసేదే కదా, డియోర్‌లో సగం వేరేవాళ్ల దగ్గర ఉంది. 1985లో 'పాయిజన్' అత్తరు ప్రపంచమంతా అమ్ముడుపోతుంటే ఆ లాభం మోయె హెన్నెస్సీకి పోయింది. 1987లో మోయె హెన్నెస్సీ, లూయి విట్టాన్ కలిసి ఎల్‌వీఎంహెచ్ అయ్యాయి. మోయె హెన్నెస్సీ వైపు అధిపతి అలాన్ షెవాలియే, లూయి విట్టాన్ వైపు అధిపతి ఆంరీ రాకామియే. కంపెనీలు కలిసిన నాటి నుంచి ఇద్దరికీ పడలేదు. షెవాలియే బ్రిటిష్ బీరు కంపెనీ గినెస్‌ను దగ్గరకు తీస్తున్నారని, దానికి విరుగుడుగా రాకామియే ఆర్నోను పిలిచారు. 1987 అక్టోబరులో షేర్ మార్కెట్లు కూలి ధరలు అందుబాటులోకి వచ్చాయి. ఆర్నో పిలిచిన మనిషితో కాకుండా, 1988లో గినెస్‌తోనే జత కట్టి షేర్లు పోగుచేసి, 1989 జనవరిలో ఎల్‌వీఎంహెచ్ అధిపతి అయ్యారు. కోర్టులో పోరాడి, 1990లో రాకామియే తప్పుకున్నారు. డియోర్ అత్తరుల కోసం బయలుదేరిన ప్రయాణం లూయి విట్టాన్, హెన్నెస్సీ, మోయెలతో సహా ముగిసిందన్నమాట.

ఆ కొనుగోళ్లన్నీ డియోర్ పేరున్న కంపెనీ ద్వారానే జరిగాయి. అందుకే క్రిస్టియన్ డియోర్ అనే పెట్టుబడి కంపెనీ పైన, దాని కింద ఒక చేతికి గౌన్ల కంపెనీ, ఇంకో చేతికి ఎల్‌వీఎంహెచ్‌లో వాటా, ఎల్‌వీఎంహెచ్ కింద డియోర్ అత్తరులు అన్న వింత అమరిక ఏర్పడింది. కుటుంబం పై కంపెనీలో మెజారిటీ ఉంచుకుంటే చాలు, అది ఎల్‌వీఎంహెచ్‌లో పెద్ద వాటాదారు, ఎల్‌వీఎంహెచ్ మిగతావాటి యజమాని. తక్కువ సొంత సొమ్ముతో ఎక్కువ అధికారం నిలుపుకునే ఈ మెట్ల పద్ధతి మన దేశంలోని వ్యాపార కుటుంబాలకూ కొత్త కాదు.

లోపల ఇంకో పని నెమ్మదిగా జరిగింది. డియోర్ పేరు వందల లైసెన్సుల కింద ప్రపంచమంతా చెదిరి ఉంది, ఏ దేశంలో ఏ నాణ్యతతో ఏం అమ్ముతున్నారో పారిస్‌కు అదుపు లేదు. వాటిని ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకున్నారు. జపాన్‌లో కనెబోతో మూడు దశాబ్దాలకు పైగా నడిచిన ఒప్పందాన్ని 1997లో ముగించారు. లైసెన్సు రద్దయిన ఏడాది రాయల్టీ ఆదాయం పోతుంది, సొంత దుకాణం తెరవడానికి ఖర్చు అవుతుంది, రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. నా దగ్గరికి వచ్చిన బ్రాండు యజమానుల్లో చాలామంది ఆ రెండేళ్ల లోటు చూసి వెనక్కి తగ్గారు. డియోర్‌కు ఆ లోటు భరించే యజమాని ఉన్నాడు, అమ్మడానికి సొంత సరుకు కూడా దొరికింది: 1995లో ఫ్రాన్స్ అధ్యక్షుడి భార్య బెర్నాడెట్ షిరాక్ యువరాణి డయానాకు బహూకరించిన చేతిసంచి తరువాత 'లేడీ డియోర్' అయింది.

2017 ఏప్రిల్ 25న ఆర్నో కుటుంబం పై అంతస్తును సర్దుతున్నట్లు ప్రకటించింది. పెట్టుబడి కంపెనీలో తమది కాని సుమారు 26 శాతం షేర్లను దాదాపు 1,210 కోట్ల యూరోల విలువకు కొంటామన్నారు; దానితో పాటు క్రిస్టియన్ డియోర్ కూచర్‌ను ఎల్‌వీఎంహెచ్‌కు 650 కోట్ల యూరోల విలువకు అమ్మారు. వడ్డీ, పన్ను, తరుగుదలలకు ముందు ఏడాది లాభం 41.8 కోట్ల యూరోలు, ఆ ధర దానికి 15.6 రెట్లు. ఆ జులైలో అమ్మకం పూర్తయింది. 1968లో విడిపోయిన అత్తరులు, గౌన్లు దాదాపు అర్ధ శతాబ్దం తరువాత ఒకే కప్పు కిందికి వచ్చాయి. పై కంపెనీ పేరు మాత్రం మార్చలేదు, అది ఇప్పటికీ పారిస్ మార్కెట్లో క్రిస్టియన్ డియోర్ పేరుతోనే ఉంది. మీరు తికమకపడింది అందుకే. ఆ కంపెనీకి కూడా పైన ఉన్న కుటుంబ సంస్థ పేరు ఆగాష్. విల్లో సోదరుల నాటి మిల్లు పేరే.

డిజైనర్ల పేర్లు కావాలనే వెనక్కి నెట్టాను, ఎందుకంటే యాజమాన్యంలో వాళ్లకు భాగం లేదు. బోఆన్ తరువాత ఫెర్రే, 1996లో జాన్ గలియానో, 2012లో రాఫ్ సిమన్స్, 2016లో మరియా గ్రాత్సియా క్యూరి, 2025లో జొనాథన్ ఆండర్సన్. గలియానోను 2011లో యూదులపై చేసిన దూషణల కారణంగా తొలగించినప్పుడు, ప్రదర్శన ముగిశాక కుట్టుపని చేసే మనుషులు తెల్ల కోట్లతో వేదిక మీదకు వచ్చి నిలబడ్డారు. 2023 మార్చి 30న ముంబైలో గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు జరిగిన ప్రదర్శన మీకు గుర్తుండవచ్చు. అందులో మనం మగ్గం వర్క్ అనే తరహా ఎంబ్రాయిడరీ ముంబైలోని చాణక్య సంస్థలో జరిగింది.

ఇతర సంస్థలూ ఇంతేనా అని అడుగుతారేమో. ఇంత కాదు. షానెల్‌లో అంతా తలకిందులు: 1924లో అత్తరుల కంపెనీ పెట్టినప్పుడు కోకో షానెల్ వాటా పదో వంతే, అత్తరుల్లో పెద్ద వాటా ఉన్న వెర్తైమర్ కుటుంబం 1954లో గౌన్ల సంస్థను కూడా తీసుకుంది, నేటికీ వాళ్ల చేతిలోనే ఉంది. సాన్ లోరాన్‌లో 1999 తరువాత గౌన్లు పినో గ్రూపుకు వెళ్లాయి, అత్తరులు 2008లో లోరియాల్‌కు వెళ్లాయి. గౌన్లు, అత్తరులు ఎవరి దగ్గర ఉన్నాయో విడివిడిగా అడగకుండా ఏ కూచర్ సంస్థ యజమాని ఎవరో చెప్పలేం.

ఇక మీ టై. 1950 నుంచే టైలు లైసెన్సు మీద వచ్చాయని పైన చెప్పాను కాబట్టి, పట్టీ మీద రెండో పేరు ఉండడం నకిలీకి గుర్తు కాదు. ఆ రోజుల్లో అమ్మిన దుకాణం తన పేరు కూడా వేయించుకోవడం మామూలే. కూచర్ దుస్తుల పట్టీ వేరుగా ఉంటుంది: పారిస్ అని, ఏ ఏడాది ఏ ఋతువుదో, పక్కన వరుస సంఖ్య. టైలో అది వెతకవద్దు. వెడల్పు వైపు కొసను కొద్దిగా తెరిచి చూడండి. లోపల మధ్య అతుకు చేత్తో వదులుగా కుట్టి, చివర దారం చిన్న ఉచ్చులా మిగిల్చి ఉంటే మంచి పనితనం అన్నమాట. ఆ దారాన్ని లాగకండి, కత్తిరించకండి, టై సాగినప్పుడు ఇచ్చుకోవడానికే దాన్ని వదిలారు. పట్టీని కూడా ఊడదీయవద్దు. అలాంటి టైలు లక్షల్లో తయారయ్యాయి కాబట్టి అమ్మితే పెద్దగా రాదు. అమ్మిన దుకాణం పేరు స్పష్టంగా చదవగలిగితే ఇక్కడ రాయండి, పట్టీ రెండు వైపులా పగటి వెలుతురులో ఫోటో తీసి జతచేయండి. ఏ కాలానిదో చెప్పే ప్రయత్నం చేస్తాను.